ఉప్పు లేని సల్ల

రండి తల్లీ, రా నాయనా, ఆ తలుపు దగ్గర నిలబడితే ఎట్లా? చాప మీదికి జరిగి కూర్చోండి. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. చెప్పేది పెద్ద కథేమీ కాదు, ఒక గ్లాసు మజ్జిగ సంగతి. మజ్జిగను మా వైపు సల్ల అంటారు. సగం ఆయుష్షు ఒకే ఇంటి వంటగదిలో గడిపాను గనుక, నాకు లోకమంతా ఆ వంటగది కిటికీలోంచే తెలుసు. మీరు ఆఫీసుల్లో చేసేది ఉద్యోగమైతే నేను చేసిందీ ఉద్యోగమే. మీకు మీటింగులుంటాయి, నాకు ఎసరుండేది. మీటింగును వాయిదా వేసుకోవచ్చు. మరిగే ఎసరు వాయిదా వేస్తే వినదు.

మేము పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్ళం. మీరు రోజూ ఎక్కి దిగే ఆ అద్దాల మేడలు లేచేటప్పుడు కాంక్రీటు తట్టలు మోశాను. నా పెనిమిటి కామెర్లతో పోయాక కూడా ఆ కూలీల గుడిసెల్లోనే ఉండిపోయాను. తిరిగి వెళ్దామంటే ఊళ్ళో నాకోసం తలుపు తీసేవాళ్ళు లేరు. ఒకనాడు గుడిసెలకు నీళ్ళ ట్యాంకరు రావడం లేదని తెలిసి ఒక నాయకుడు వచ్చాడు. ట్యాంకరు వచ్చేదాకా కదలనని నేల మీదే కూర్చున్నాడు. ఆకలి వేళయింది. నా జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు పెట్టాను. తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఈ తొక్కు నూరింది ఎవ్వలు? ఈ మంట చూస్తుంటే మా పార్టీల ఉండాల్సిన మనిషి" అన్నాడు.

పార్టీలోకి వెళ్ళలేదు గానీ ఆయన వంటగదిలోకి వెళ్ళాను. అప్పటికే ఆయన భార్య మంచం పట్టింది. ఆ తల్లి ఎక్కువ కాలం ఉండలేదు. పిల్లలు లేరు. అందరూ ఆయన్ను అన్న అనేవాళ్ళు, నేనూ అన్న అన్నాను. ఆయన నన్ను చెల్లె అన్నాడు. అదే నాకు జీతం కన్నా ముందు దొరికింది.

అన్న రాజకీయం ఎట్లాంటిదంటే, ఆయన గెలిచినప్పుడు పార్టీ ఓడేది, పార్టీ గెలిచినప్పుడు ఆయన ఓడేవాడు. ఈ రెండూ ఒక్కసారి కూడా కలిసి రాలేదు. మంత్రి పదవి ఆయన గడప తొక్కలేదు. బతుకంతా ఎదురు బెంచీ మీదే. అసెంబ్లీలో లేచి "అధ్యక్షా" అనగానే మైకు పోయేదట. అక్కడ అనలేకపోయిన మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చేవాడు. పళ్ళెం ముందు కూర్చుని నాతో అనేవాడు, "అధ్యక్షా, ఈ పచ్చి పులుసుల పులుపు తక్కువైంది, దీని మీద చర్చ జరగాలె."

నేను గరిటె ఎత్తి, "కూసో అన్నా, నీ టైమ్ అయిపోయింది" అనేదాన్ని.

ఆ ఇల్లు పాత ఊరి ఇల్లు. ఊరు ఎప్పుడో మాయమై చుట్టూ మేడలు లేచాయి. మధ్యాహ్నం ఎదురు మేడ అద్దాల మీద పడ్డ ఎండ మా వాకిట్లోకి మళ్ళేది. పైనుంచి ఒక సూర్యుడు, పక్కనుంచి ఇంకో సూర్యుడు. నా వడియాలు తొందరగా ఎండేవి. అభివృద్ధి వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

ఇక నా పని పద్ధతి చెబుతాను, ఎందుకంటే కథ దాని మీదే తిరుగుతుంది. నాయకుడి ఇంట్లో ఎంతమందికి వండాలో వంటమనిషికి ఎవరూ చెప్పరు. నేను గడప బయటి చెప్పులు చూసి బియ్యం పోసేదాన్ని. వంటగది కిటికీకి ఎదురుగా వరండా. అరిగిన హవాయి చెప్పులైతే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, పొద్దున ఏమీ తిని ఉండరు, వాళ్ళకు చెయ్యి ధారాళంగా పోయాలి. తోలు చెప్పులు నాయకులవి, కూర ఎక్కువ తింటారు, అన్నం కెలుకుతారు. బూట్లయితే చాయ్‌తో సరి. అన్న దగ్గర పీఏ ఒకాయన ఉండేవాడు, గోదావరి వైపు మనిషి, మహా మర్యాదస్తుడు. నన్ను ఆటపట్టించకుండా చాయ్ తాగేవాడు కాదు.

"ఏవమ్మా, సర్వే అయిపోయిందా అండి? ఈసారి మనం గెలుస్తామంటారా?"

"చెప్పులు పల్చబడ్డయి సారూ. జర కష్టమే."

"అయ్యబాబోయ్, ఆ మాట అన్నగారి చెవిన పడనీకండి."

నా సర్వే, టీవీ వాళ్ళ సర్వే రెండూ సమానంగానే తప్పేవి. నాది తప్పితే అన్నం మిగిలేది, అంతే తేడా.

ఆ చెప్పుల్లో ఒక జత మాత్రం వరండాలో ఉండేది కాదు. వెనకవైపు, వంటగది గుమ్మం పక్కన ఉండేది. అది తమ్మిది. తమ్మి అంటే అన్నకు సొంత తమ్ముడు కాడు. హాస్టల్లో చదువుకుంటూ ధర్నాల్లో దెబ్బలు తిన్న పిల్లవాణ్ణి అన్న ఇంటికి తెచ్చుకున్నాడు. చదివించాడు, మాట్లాడటం నేర్పాడు, టికెట్ ఇప్పించి ఎమ్మెల్యేను చేశాడు. ఎమ్మెల్యే అయ్యాక కూడా వాడు వెనక గుమ్మం నుంచే వచ్చి, పీట లాక్కుని, నా పొయ్యి పక్కనే కూర్చునేవాడు. వాడికి ఉప్పు పిచ్చి. ఏది పెట్టినా, "అక్కా, నీ చేతికి ఉప్పు కరువా ఏంది?" అని డబ్బా అందుకుని తనే చల్లుకునేవాడు. సల్లలో అయితే చెప్పనక్కర్లేదు, అది సల్లా సముద్రమా అన్నట్టుండేది. "గింత ఉప్పు తింటే రేపు నీకు బీపీ రాకుంటే అడుగు" అని తిట్టేదాన్ని. "అన్న ఇంటి ఉప్పు అక్కా, ఎంత తింటే అంత బలం" అనేవాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడు ఎన్నికల్లో ఎప్పటిలాగే అన్న గెలిచాడు, పార్టీ ఓడింది. కానీ ఈసారి ఆయన్ను ప్రతిపక్ష నాయకుణ్ణి చేశారు. మంత్రికి ఉన్నంత హోదా, కారు, కాపలా. నడి వయసు దాటాక దొరికిన కుర్చీ. మైకు ఇక ఊరికే కట్ చెయ్యలేరని అన్న చిన్న పిల్లవాడిలా సంబరపడ్డాడు. అయితే ఆ కుర్చీ నిలవాలంటే వెనక కూర్చున్న ఎమ్మెల్యేలు నిలవాలి. వాళ్ళు అటు దూకితే కుర్చీ కూలుతుంది. ఇంతవరకూ నాకూ అర్థమైంది. సర్కారు పార్టీ వాళ్ళు ఒక్కొక్కరికే కబురు పంపుతున్నారని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు.

పీఏ భయపడితే అన్న కొట్టిపారేశాడు. "ఎవ్వడు పోయినా తమ్మి పోడు. తమ్మి ఉన్నంతసేపు మిగిలినోళ్ళు గూడ కదలరు. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి."

అంటే ఆ కుర్చీ, ఆ కారు, వరండాలో ఆ చెప్పుల గుట్ట, నా పొయ్యి మీది గంజు కింద మంట, అన్నీ ఒక్క మనిషి మీద నిలబడి ఉన్నాయన్న మాట.

అట్లా ఉండగా ఒకరోజు పొద్దున కిటికీలోంచి చూస్తే నా కళ్ళు చెదిరాయి. వరండా నిండా తోలు చెప్పులు. మెట్ల మీద చెప్పులు. మెట్లు దాటి తులసికోట దాకా చెప్పులు. ఎమ్మెల్యేలు అంతా ఒక్కసారే వచ్చారు, వాళ్ళ వెంట వాళ్ళ మనుషులు. నాకు ఆనందమాగలేదు. ఇంకేముంది, అందరూ అన్న వెనకే ఉన్నారని ఊరికి తెలిసిపోతుంది అనుకున్నాను. పెళ్ళిళ్ళకు తప్ప దించని పెద్ద గంజు అటక మీంచి దించాను. పుంటికూర, అదే గోంగూర, మాంసంలో వేసి వండాను. పచ్చి పులుసు కలిపాను. కుండెడు సల్ల చిలికాను. చేతులు పని చేస్తున్నాయి గానీ చెవులు పెద్ద గది వైపే ఉన్నాయి. తలుపు మూసి ఉంది. లోపలి నుంచి నవ్వు రాలేదు, కేక రాలేదు. మా ఇంట్లో అన్ని చెప్పులున్నప్పుడు అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

భోజనాల వేళ దాటింది. విస్తళ్ళు పరిచి పీఏను పిలిచాను.

"సారూ, బువ్వ చల్లారుతున్నది. లేవమనుండ్రి."

ఆయన చేతులు నలుపుకున్నాడు. "అడిగానండి. ఎవరికీ ఆకలి లేదంటున్నారండి."

"అందరికీ ఒక్కపారే ఆకలి పోయిందా? నా కూర వాసన బాగలేదా ఏంది?"

"మీ కూర కాదమ్మా..." అని ఆగిపోయాడు. నేను మాత్రం మాంసం ముదిరిందేమో, మాడు వాసన పట్టిందేమో అని గంజు మూత తీసి వాసన చూసుకుంటూ ఉన్నాను. వంటమనిషి బుద్ధి వంట దాటి ఎక్కడికి పోతుంది?

అప్పుడు తమ్మి వచ్చాడు. వెనక గుమ్మం నుంచి కాదు, పెద్ద గది వైపు నుంచి. పీట లాక్కోలేదు. గడపకు అవతలే నిలబడ్డాడు.

"అక్కా, జరంత సల్ల ఇయ్యి."

"సల్ల ఎందుకు, కూసో తమ్మీ. పుంటికూర వండిన, నీకోసం మూలుగ బొక్కలు పక్కకు తీసిపెట్టిన."

"వద్దక్కా. సల్ల చాలు." నేను అలవాటు కొద్దీ ఉప్పు డబ్బా మూత తీశాను. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉప్పు వెయ్యకు."

నేను నవ్వాను. "ఆఖరికి వచ్చిందా బీపీ? నేను చెప్పలే?"

"ఆఁ... గట్లనే అనుకో అక్కా."

నిలబడే తాగాడు. గ్లాసు నా చేతికివ్వలేదు, గట్టు మీద పెట్టి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. పాపం, ఈ వయసుకే రోగం వచ్చిందని నేను బాధపడ్డాను. నిజంగా బాధపడ్డాను.

కాసేపటికి అన్న మంచినీళ్ళకు వంటగదిలోకి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది, కానీ ఇంకా ధైర్యంగానే ఉన్నాడు. "ఏం చెల్లె, ఎవ్వలూ తింటలేరా? వాళ్ళు జర కోపం మీదున్నరు. నేను నచ్చజెప్తున్న. తమ్మి ఇంకా నోరు తెరవలే, వాడు ఒక్క మాట అంటే అంతా సర్దుకుంటది."

నేను అన్నాను, "అన్నా, వాణ్ణి ముందుగాల దవాఖానకు తీస్కపోయి చూపియ్యి. బీపీ వచ్చినట్టున్నది. ఉప్పు లేని సల్ల తాగి పోయిండు."

గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళినవాడు ఆగిపోయాడు.

"ఉప్పు వద్దన్నడా?"

"అవునన్నా. చెయ్యి అడ్డం పెట్టిండు."

"తమ్మి? ఉప్పు వద్దన్నడా?"

ఆ గొంతు విన్నాకే నాకు వెలిగింది. ఉప్పు తిన్న ఇంటికి ఎదురు తిరగకూడదని మన పెద్దలు అంటారు కదా. పొద్దున ఆ ఇంటి ఉప్పు తిని సాయంత్రం ఇంకో కండువా కప్పుకోవడానికి వాళ్ళెవరికీ చెయ్యి రాలేదు. అందుకే అంతమందికీ ఒక్కసారే ఆకలి చచ్చిపోయింది. అన్న లోపల ఇంకా వాదిస్తూనే ఉన్నాడు, నచ్చజెబుతూనే ఉన్నాడు. వాళ్ళు మాత్రం నిర్ణయం చేసుకునే వచ్చారు. ఆ సంగతి ఆయనకు చెప్పింది నేను, జబ్బు కబురు చెప్పినట్టు.

అన్న నీళ్ళు తాగకుండా గ్లాసు పెట్టేశాడు. కండువా సర్దుకుని పెద్ద గదిలోకి వెళ్ళాడు. ఇక వాదించలేదట. "పోయి రాండ్రి" అన్నాడట, అంతే. వరండాలో చెప్పుల చప్పుడు మొదలైంది. అందరికన్నా చివర తమ్మి వచ్చాడు. అన్న గుమ్మం దాకా వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఏమంటాడో అని నేను కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నాను. తిడతాడనుకున్నాను.

"బీపీ జాగ్రత్త తమ్మీ" అన్నాడు.

తమ్మి గబగబా మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం టీవీలో చూశాం. మన దగ్గర పార్టీ మారడమంటే కండువా మారడమే కదా. ఒక్కొక్కరూ తల వంచుతున్నారు, సర్కారు పెద్ద ఒక్కొక్కరికీ కొత్త కండువా వేస్తున్నాడు. తమ్మి వంతు వచ్చేసరికి అన్న టీవీ కట్టేశాడు. పీఏ గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అన్న వచ్చి, మధ్యాహ్నం నుంచి పరిచి ఉన్న విస్తళ్ళ వరుసలో మొదటి దాని ముందు కూర్చున్నాడు.

"అధ్యక్షా, ప్రతిపక్షం మొత్తం హాజరైంది. వడ్డించు."

వడ్డించాను. నా నోరు ఊరుకోలేదు. "నీ ఉప్పు తినొద్దనే గదా అన్నా వాడు... ఎంత లెక్కగా వచ్చిండు చూడు."

అన్న ముద్ద కలుపుతూ అన్నాడు, "తిడితే తిన్నోళ్ళను తిట్టాలె చెల్లె. నిన్న రాత్రి దాకా తిని పొయ్యినోళ్ళున్నరు. వాడు ఉప్పుకు భయపడ్డడు. భయపడ్డోని తాన ఇంకా ఏదో మిగిలున్నట్టే."

మిగిలిన అన్నమంతా వెనక కొత్త మేడ కడుతున్న కూలీల దగ్గరకు మోయించాను. "ఏం పండుగమ్మా?" అని అడిగారు. ఏమని చెప్పను? తినండి అన్నాను.

హోదా పోయింది. కారు పోయింది, కాపలా పోయింది. చెప్పులు ఒక్కసారిగా పోలేదు, చలికాలం పొద్దు తగ్గినట్టు రోజుకింత తగ్గాయి. పెద్ద గంజు అటకెక్కింది, తర్వాత నడిపి గంజు. పీఏకు పిల్లల ఫీజులున్నాయి, అన్నే ఎవరికో ఫోన్ చేసి ఆయనకు ఇంకో చోట పని చూశాడు. వెళ్ళేటప్పుడు ఆయన, "సర్వే జాగ్రత్తగా చెయ్యండమ్మా" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆ తర్వాత ఎన్నికల్లో అన్న కూడా ఓడాడు. అప్పులోళ్ళు, రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు కలిసి ఇల్లు తినేశారు. చందానగర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో, ఆకాశానికి దగ్గరగా, చిన్న ఫ్లాటుకు మారాం.

అక్కడ నాయకుణ్ణి కలవాలంటే ముందు గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఫోన్ చెయ్యాలి, మనం సరే అనాలి, అప్పుడు లిఫ్టు ఎక్కాలి. ఏ పల్లెటూరి మనిషి వస్తాడు? పైగా అసోసియేషన్ వాళ్ళు గడప బయట చెప్పులు విడవొద్దన్నారు. నున్నటి వరండా, దాని మీద ఒక్క చెప్పు లేదు. బియ్యం ఎంత పోయాలో చూడటానికి నాకు కిటికీ అక్కర్లేకపోయింది. అన్న టీవీలో అసెంబ్లీ పెట్టుకుని కూర్చునేవాడు. ఉన్నట్టుండి చెయ్యి ఎత్తి "అధ్యక్షా, ఒక్క నిమిషం" అనేవాడు. టీవీ వినేది కాదు. నేను వంటగదిలోంచి, "మాట్లాడు అన్నా, మైకు ఇచ్చిన" అనేదాన్ని. అప్పుడు ఊరుకునేవాడు. ఏం మాట్లాడాలో మరిచిపోయినట్టు కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం గేటు నుంచి ఫోన్ వచ్చింది. ఫలానా ఆయన వచ్చాడు, పంపాలా అని. అది తమ్మి పేరు. అన్నకు చెప్పాను. ఆయన టీవీ చప్పుడు తగ్గించి, "పంపుమను" అన్నాడు.

తలుపు తీస్తే తమ్మి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు. జుట్టు నెరిసింది. మెడలో ఏ కండువా లేదు.

అన్న కూర్చోమనలేదు, పొమ్మనలేదు. "ఆకలై వచ్చినవా, అవసరముండి వచ్చినవా?"

"అబద్ధం చెప్పనన్నా, అవసరముండే వచ్చిన. వాళ్ళు ఈపారి నాకు టికెట్ ఇయ్యలే. ఫోన్ గూడ ఎత్తుతలేరు." చెప్పులు గుమ్మం లోపల గోడ పక్కన పెట్టాడు. "ఆకలి గూడ ఉన్నది."

"నా తాన టికెట్ లేదు. సల్ల ఉన్నది."

నేను సల్ల తెచ్చాను, ఉప్పు లేకుండా. పక్కన ఉప్పు డబ్బా పెట్టాను. "బీపీ ఎట్లున్నది తమ్మీ?"

"నాకు బీపీ ఎన్నడూ లేదక్కా."

"మాకెరికే."

వాడు డబ్బా మూత తీశాడు. చిటికెడు తీసి గ్లాసు మీద చెయ్యి పెట్టి అన్న వైపు చూశాడు. అన్న కిటికీ బయటికి చూస్తున్నాడు. దూరంగా ఆ అద్దాల మేడలు ఎండకు మెరుస్తున్నాయి, వాటి కింద ఎక్కడో మా వాకిలి. వాడి వేళ్ళు చాలాసేపు అట్లాగే ఉన్నాయి. తర్వాత ఉప్పు రాలింది. తాగాడు. సగం తాగి గ్లాసు దించి, పాత గొంతుతో, "అక్కా, నీ చేతికే కాదు, నీ డబ్బాకు గూడ ఉప్పు కరువైంది" అన్నాడు.

అన్న భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో నాకు వెనక నుంచి కనిపించలేదు.

ఎక్కువసేపు కూర్చోలేదు. మళ్ళీ వస్తానని వెళ్ళాడు. తలుపు వేసి వచ్చేసరికి అన్న అన్నాడు, "చెల్లె, రేపటి సంది ఎసట్ల ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యి."

పోశాను. ఆ తర్వాత తమ్మి ఏ కండువా కప్పుకున్నాడో మేము అడగలేదు. వాడు ఒకటి రెండుసార్లు వచ్చాడు, తిన్నాడు. రాని రోజులే ఎక్కువ. అయినా అన్న కన్నుమూసేదాకా ఆ గుప్పెడు నేను ఆపలేదు, ఆయన ఆపమనలేదు. మిగిలిన ఆ అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున నేనే తినేదాన్ని, ఉప్పు వేసుకుని.

ఇప్పుడు బోరబండలో ఈ కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. రైలు చప్పుడు తోడు. అయినా బియ్యం కడిగేటప్పుడు కళ్ళు గడప మీదికే పోతాయి. ఈ పూట మీ చెప్పులు కనిపించాయి, చెయ్యి తెలియకుండానే ఎక్కువ పోసింది. కూర్చుని తినే వెళ్ళండి.

మీ ఇల్లు సల్లగుండ. మీ గడప బయట చెప్పులు ఎప్పుడూ కాళ్ళు తడబడేంత నిండుగా ఉండాలి. మీ గంజు అటకెక్కకూడదు. మీ ఇంటికి వచ్చినవాళ్ళు ఉప్పు అడిగి మరీ వేయించుకోవాలి బిడ్డా.